కాళ్లు తుడుచుకుని ఎక్కాల్సిన లారీ

మూడేళ్ల తర్వాత మా స్నేహితుడి లారీ బయటికొచ్చింది. బయటికంటే రోడ్డు మీదికని కాదు, కవరు కింద నుంచి. చూద్దువు గాని రమ్మని ఫోను చేస్తే పనులన్నీ మానుకుని వెళ్లాను. పెట్రోలు ఇంజను, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, పాతకాలపు చిన్న లారీ. వాడు దాన్ని కొన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఎడమ తలుపు కింద చేటంత సొట్ట. వెనక బాడీ చెక్కల మీద తాళ్లు ఒరుసుకుని పడ్డ గాట్లు. స్టీరింగు మీద రెండు చేతులూ ఆనే చోట్ల నున్నగా అరిగిన నలుపు. ఇప్పుడు అవేవీ లేవు. ముఖం చూసుకునేంత ఎరుపు, కొత్త చెక్కలు, వాటి మీద వార్నిషు.

పనితనానికి వంక పెట్టడానికి లేదు. నోరు తెరుచుకునే చూశాను. తలుపు తీసి కాలు పెట్టబోతుంటే "ఒరేయ్, కాళ్లు తుడుచుకుని ఎక్కరా" అన్నాడు. నేను నవ్వాను, వాడు నవ్వలేదు. ఒక రౌండు వేసొద్దామా అంటే ఆకాశం వంక చూశాడు. మబ్బు లేదు. అయినా "ఇవాళొద్దులే, దుమ్ముగా ఉంది" అన్నాడు.

ఇంటికొచ్చాక రెండు రోజులు అదే ఆలోచన. ఆ లారీ బతికినట్టా, పోయినట్టా? పాత బండిని తిరిగేలా చేసుకోవాలి గాని కొత్తదానిలా చేయకూడదని నేను చాలాకాలంగా అంటూనే ఉన్నాను. అనడం తేలికే. నాకూ ఒక పాత కారు, ఒక పాత లారీ ఉన్నాయి, వాటి దగ్గరికొచ్చేసరికి నేనే కొన్నిచోట్ల జారాను. అందుకే ఈసారి కాస్త నిదానంగా, జారిన చోట్లతో సహా రాద్దామనుకుంటున్నాను.

ముప్పై ఏళ్ల లెక్క

పాత వాహనాల సంఘాలన్నిటికీ కలిపి ఫీవా అని ఒక అంతర్జాతీయ సమాఖ్య ఉంది. 1966లో పుట్టింది. చారిత్రక వాహనం అంటే ఏమిటో వాళ్లొక నిర్వచనం పెట్టుకున్నారు: కనీసం 30 ఏళ్ల వయసుండాలి, చరిత్రకు తగిన స్థితిలో ఉండాలి, రోజువారీ ప్రయాణానికి వాడేది కాకూడదు. మొదటి రెండిటితో నాకు పేచీ లేదు. మూడోది చదివిన రోజున మాత్రం ఒళ్లు మండింది. తిరగడానికే పుట్టినదాన్ని తిప్పితే హోదా పోతుందా?

తర్వాత చల్లబడ్డాను. రోజూ ఆఫీసుకి వేసుకెళ్తే ఏ బండైనా అరుగుతుంది, విడిభాగాలు దొరకని బండి మరీను. వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. పైగా ఫీవానే తర్వాత తెచ్చిన ట్యూరిన్ చార్టర్, ఈ వాహనాలు రోడ్ల మీద కదలడం కూడా వాటిని కాపాడుకోవడంలో భాగమేనని ఒప్పుకుంటుంది. చిక్కల్లా మనవాళ్లతోనే. "రోజూ వద్దు" అంటే "ఎప్పుడూ వద్దు" అని చదువుకుంటారు.

అలా చదువుకునేవాళ్లకి లండన్ నుంచి బ్రైటన్‌కి ఏటా నవంబరులో సాగే పరుగు చూపించాలి. 1905కి ముందు తయారైన బండ్లకే అందులో ప్రవేశం. 1896లో ఇంగ్లండులో మోటారు బండ్ల మీది వేగ పరిమితి సడలించినప్పుడు సంబరంగా చేసిన ప్రయాణానికి గుర్తుగా ఇప్పటికీ జరుపుతున్నారు. దారి దాదాపు వంద కిలోమీటర్లు. కొన్నిటికి స్టీరింగు చక్రం కూడా ఉండదు, పడవ చుక్కానిలా ఒక కర్ర ఉంటుంది. చలిలో, ఒక్కోసారి వర్షంలో, పొగలు కక్కుకుంటూ, మధ్యలో ఆగుతూ వెళ్తాయి. నూట ఇరవై ఏళ్ల బండి వానలో తడవగా లేనిది మావాడి లారీకి దుమ్ము పనికిరాదట.

నిలబెడితే పోయేవి

"వాడకపోతే అరగదు కదా" అనేది అందరూ అనే మాట. నేనూ అన్నాను. నా కారుని షెడ్డులో పెట్టి, ప్రతి ఆదివారం పొద్దున్నే సెల్ఫు కొట్టి ఐదు నిమిషాలు నడిపి ఆపేసేవాణ్ణి. పెద్ద బాధ్యత తీరినట్టుండేది. రెండేళ్లకి సైలెన్సరు చప్పుడు మారింది. మేస్త్రీ కిందికి దూరి స్క్రూడ్రైవరు పిడితో ఒక్క తట్టు తట్టాడు. పిడి లోపలికి దిగిపోయింది, అప్పడంలోకి దిగినట్టు.

"వారానికి ఎంతసేపు నడుపుతారు బాబూ?"

"ఐదు నిమిషాలు, మేస్త్రీ గారూ."

"ఆ ఐదు నిమిషాలు కూడా మానేసుంటే ఇది ఇంకొన్నాళ్లు ఉండేది."

ఆయనన్నది అక్షరాలా నిజం. లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీరు పుడుతుంది. ఇంజను, గొట్టం బాగా వేడెక్కితే అది ఆవిరై తోకలోంచి పోతుంది. ఐదు నిమిషాలకే ఆపేస్తే సైలెన్సరు కడుపులో నిలుస్తుంది. కొంత ఆయిల్లోకీ దిగుతుంది. నేను వారం వారం బండికి నీళ్లు పట్టానన్నమాట.

బ్రేకు ఆయిలుదీ ఇదే కథ. మామూలుగా వాడే రకం గాలిలోని తేమని పీల్చుకుంటుంది, కదలకుండా నిలిచిన సిలిండరు గోడలకి తుప్పు పడుతుంది, ఆ తుప్పు మీద రబ్బరు వాషరు కదిలిన రోజున చిరుగుతుంది. ఇథనాలు కలిసిన పెట్రోలైతే పాతకాలపు రబ్బరు గొట్టాలని, పంపు డయాఫ్రంని మెత్తబరిచి తినేస్తుంది. అదే పెట్రోలు కార్బరేటరులో నెలల తరబడి నిలిస్తే జెట్ల నిండా జిగురు. పాత బండికి దుమ్ము కంటే షెడ్డే పెద్ద గండం. ఇప్పుడు నేను పది రోజులకోసారైనా బయటికి తీస్తాను, తీస్తే ముప్పై నలభై కిలోమీటర్లకి తక్కువ తిప్పను. వీలు కానప్పుడు అసలు ముట్టుకోను.

పాయింట్ల మధ్య సందు

"ఆ రోజుల్లో బండ్లే బండ్లండీ" అనేవాళ్లతో నాకు పడదు. పాత బండ్లున్నవాడు ఈ మాట అంటే వింతగా తోస్తుంది గాని, వాటిని నడిపినవాడికే తెలుస్తుంది. ఇప్పటి కారుకి ఏడాదికోసారి ఆయిలు మారిస్తే సరి. నా కారుకి పాయింట్లు చూడాలి, ట్యాపెట్లు చూడాలి, గ్రీజు నిపుల్స్ అన్నిటికీ గన్ను పెట్టాలి. ఇప్పటి ఇంజన్లు సునాయాసంగా దాటే దూరాలకి అప్పటివి సిలిండర్లు అరిగి బోరుకొచ్చి నీలం పొగ కక్కేవి. గట్టితనం కోసం ఎవరైనా పాత బండి కొంటానంటే చేతులెత్తి దండం పెట్టి వద్దంటాను.

దాని గొప్ప వేరే ఉంది. అది చెప్పి చెడిపోతుంది.

కిందటేడు నా కారు ఎత్తు రోడ్డు మీద బరువెక్కినట్టు అనిపించసాగింది. ఒక్కరోజులో వచ్చిన మార్పు కాదు. మూడో గేరులో ఎక్కే చోట రెండోది అడిగింది. ఇంకో వారానికి నాడాలు పోయిన గుర్రంలా అయింది అంటే అతిశయోక్తి గాని, పెడలు ఎంత తొక్కినా ఒకలాగే ఉండేది. పొద్దున్న సెల్ఫు మాత్రం ఎప్పటిలాగే అందుకుంటోంది. పెట్రోలు కాదు, మంట ఆలస్యమవుతోందని అనుమానం. బోనెట్టు ఎత్తి డెల్కో, అంటే ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు, మూత రెండు క్లిప్పులూ విప్పి పక్కకి తీశాను. రోటరు లాగేశాను. కింద పాయింట్లు.

ఈ ఏర్పాటు చార్లెస్ కెట్టరింగ్ అనే అమెరికా ఇంజనీరు పుణ్యం. 1912 కాడిలాక్ కారుకి ఎలక్ట్రిక్ సెల్ఫు పెట్టి చేత్తో తిప్పే హ్యాండిల్ బాధ తప్పించింది కూడా ఆయనే. ఇరుసుకి నాలుగు ఒంపులున్న క్యాం తిరుగుతూ ఒక చిన్న ఫైబరు మడమని నెడుతుంది, పాయింట్లు విడిపోతాయి, కాయిల్లో కరెంటు తెగుతుంది, తెగిన ఆ క్షణాన ప్లగ్గులో నిప్పు. ఆ ఫైబరు మడమ అరిగే కొద్దీ పాయింట్ల మధ్య సందు తగ్గుతుంది. సందు తగ్గితే అవి విడిపోవడం ఆలస్యం, నిప్పు ఆలస్యం, బండి బరువు. నా అనుమానం అదే.

క్యాం ఒంపు సరిగ్గా మడమ కిందికొచ్చేదాకా ఇంజన్ని కొద్ది కొద్దిగా తిప్పుకున్నాను. సందు కొలిచే సన్నటి రేకుల కట్ట, ఫీలరు గేజీలో 0.4 మిల్లీమీటరు ఆకు తీసి దూర్చబోతే దూరలేదు. సగం మందం ఆకు కూడా కష్టంగా దూరింది. పట్టీ స్క్రూ వదులు చేసి, స్క్రూడ్రైవరు మొనని గాడిలో పెట్టి వెంట్రుకవాసి తిప్పి, మళ్లీ ఆకు. లాగితే పట్టీ పట్టనట్టు రావాలి. వదులుగా వస్తే ఎక్కువైంది, పాయింటుని వెంట లాగితే తక్కువైంది. స్క్రూ బిగించేటప్పుడు సందు మళ్లీ జరిగింది. జరుగుతుంది, ఎప్పుడూ జరుగుతుంది. మూడోసారికి కుదిరింది. మడమకి చిటికెడు గ్రీజు రాసి మూత పెట్టాను. ఆ గ్రీజు లేకే అంత తొందరగా అరిగింది, తప్పు నాదే. సాయంత్రం అదే ఎత్తు మూడో గేరులో ఎక్కింది.

ఆ పని చేస్తున్నప్పుడే డెల్కో మొదట్లో, అది ఇంజను దిమ్మ మీద కూర్చునే చోట, ఉలితో కొట్టిన సన్నటి గీత కనిపించింది. సగం గీత డెల్కో మీద, సగం దిమ్మ మీద. నాకంటే ముందెవరో మేస్త్రీ ఈ ఇంజనుకి నిప్పు ఎక్కడ కుదురుతుందో కనిపెట్టి, విప్పినా మళ్లీ అక్కడే పెట్టుకోవడానికి గుర్తు కొట్టుకున్నాడు. కంపెనీ పుస్తకంలో రాసిన చోటుకి అది రెండు మూడు డిగ్రీలు పక్కన ఉంది. పుస్తకం చెప్పినట్టు పెట్టి చూశాను, ఆయన గీతకి తెచ్చి చూశాను. గీతే మెరుగు.

మావాడి లారీ ఇంజను దిమ్మని ఇసకతో కొట్టించి, ప్రైమరు వేసి, ఆకుపచ్చ రంగు కొట్టారు. అక్కడ ఇలాంటి గీతలు ఎన్నుండేవో. ఉంటే మాత్రం ఏం పోయిందంటారా? టైమింగు లైటు పెట్టి పావుగంటలో సరిచేసుకోవచ్చు, పని పరంగా పోయింది ఏమీ లేదు. నాకు మాత్రం మనసొప్పదు.

పెడలు అడుగంటిన రోజు

ఇదంతా చదివి నన్ను ఒరిజినల్ పిచ్చోడనుకునేరు. ఒకప్పుడు అంతే ఉండేవాణ్ణి. కంపెనీలోంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి, ఒక్క నట్టు మార్చకూడదు అనేవాణ్ణి. ఒక దిగుడు రోడ్డు ఆ పట్టుదలని వదిలించింది.

మలుపు ముందు బ్రేకు తొక్కితే పెడలు ఏ ఎదురూ లేకుండా అడుగుకి పోయింది. మళ్లీ తొక్కాను, అంతే. మూడోసారి తొక్కలేదు. హ్యాండు బ్రేకు లాగుతూ, రేజిచ్చి మూడులోంచి రెండుకి లాగాను. గేరు గరగరలాడి పడింది. బండి రోడ్డు దిగి మట్టి గట్టుకి ముక్కు ఆనించి ఆగింది. ముందు బంపరు వంగింది తప్ప ఇంకేం కాలేదు. వెనక ఎడమ చక్రం సిలిండరులో వేలి గోరంత వాషరు చిరిగింది. అప్పటి బ్రేకుల్లో మాస్టరు సిలిండరు నుంచి నాలుగు చక్రాలకీ ఒకటే దారి. ఒక చక్రం దగ్గర ఆయిలు కారితే నాలుగిటికీ బ్రేకు లేదు. అమెరికాలో 1968 నుంచి కార్లకి రెండు వేర్వేరు దారులుండాలని నియమం పెట్టారు, ఒకటి పోయినా రెండోది ఆపేలా. నా కారు ఆ నియమంకంటే పాతది.

ఆ నెలలోనే రెండు దారుల మాస్టరు సిలిండరు పెట్టించాను. సీటు బెల్టులు కూడా. మూడు చోట్ల పట్టే బెల్టుని వోల్వోలో నిల్స్ బొలిన్ 1959లోనే తెచ్చాడు, ఆ కంపెనీ తన పేటెంటుని అందర్నీ వాడుకోనిచ్చింది. అయినా నా కారుకి అది రాలేదు. ఇంజను హెడ్డు విప్పినప్పుడు ఎగ్జాస్టు వాల్వు సీట్లు గట్టి లోహానివి వేయించాను. పాత పెట్రోల్లోని సీసం ఆ సీట్లకి మెత్తలా పనిచేసేది. విషమని తెలిసి ఒక్కో దేశమూ మానుకుంటూ వచ్చి, 2021లో అల్జీరియాతో ప్రపంచమంతటా కార్లకి సీసం పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. సీసం పోవడం మంచిదే, సీట్లే మారాలి.

మరి ఇన్ని మార్చినవాడికి మావాడి ఎరుపు రంగు మీద మాట్లాడే హక్కుందా? ఉందనే అనుకుంటాను. నేను చూసుకునేది ఒక్కటే: ఈ మార్పు బండిని రోడ్డెక్కిస్తుందా, రోడ్డు దింపుతుందా? కొత్త మాస్టరు సిలిండరు వచ్చాక నేను దిగుడు రోడ్లకి జంకడం మానేశాను. కొత్త రంగు వచ్చాక వాడు దుమ్ముకి జంకుతున్నాడు. పైగా నేను పెట్టినవన్నీ బోల్టు విప్పితే ఊడేవే. పాత సిలిండరు గ్రీజు రాసి, గుడ్డలో చుట్టి, పెట్టెలో ఉంది.

అయితే ఈ కొలతే నా మెడకి చుట్టుకుంటుంది. రోడ్డే గీటురాయి అయితే పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషను పెట్టాలి. అరగదు, సందు సరిచేసే బాధ లేదు, మూత కింద దాక్కుంటుంది కాబట్టి కనిపించదు కూడా. ఎన్నో పాత బండ్లకి పెట్టుకుంటున్నారు. నేను పెట్టలేదు. కారణం అడిగితే పైన రాసిన ఆ సాయంత్రం తప్ప నా దగ్గర ఏమీ లేదు. ఇక్కడ నా వాదన కుంటుతుంది, కుంటనివ్వండి.

తుప్పు మీద ప్రేమ

నా వైపే ఉన్నామనుకునే ఇంకో జాతి ఉంది. తుప్పుని తుడవరు. పాతదనం పాడవకూడదని తుప్పు మీద వార్నిషు కొడతారు. లేని తుప్పుని మందులతో పుట్టించేవాళ్లు కూడా ఉన్నారు. వీళ్లతో నాకు రంగువాళ్లతో కంటే ఎక్కువ గొడవ.

ఇటలీ, స్విట్జర్లాండుల మధ్య మజోరే అనే సరస్సులో 1925 నాటి బుగాటీ ఒకటి డెబ్బై ఏళ్లకి పైగా నీళ్లలో ఉండిపోయింది. 2009లో పైకి తీశారు. ఒక పక్క దాదాపు తినేసినట్టుంది. దాన్ని బాగుచేయకుండా అలాగే మ్యూజియంలో పెట్టారు. ఫొటోల్లో చూస్తేనే గుండె జల్లుమంటుంది, ఆ నిర్ణయం సరైనదే కూడా. కానీ దాన్ని కారు అనలేను. అది కారు అస్థిపంజరం. మన షెడ్డులో ఇంకా ఊపిరున్న బండికి దాన్ని ఆదర్శంగా పెట్టుకుంటే ఎలా? నా కారు నేల రేకులో కాలు కింద చిల్లి పడి రోడ్డు కనిపించినప్పుడు, జ్ఞాపకమని ఊరుకోకుండా కోయించి కొత్త రేకు వెల్డింగు చేయించాను. సొట్ట జరిగిపోయిన సంగతి. తుప్పు ఇంకా జరుగుతోంది.

లారీ అనేసరికి ఇంకో మెలిక. కారుని ఖాళీగా తిప్పినా దాని పని అదే. లారీ కింది కమాను కట్టలు, అంటే స్ప్రింగు పట్టీలు, బరువు కోసం పుట్టినవి. ఖాళీగా నడిపితే వెనక ఎగిరెగిరి పడుతుంది, దవడలు కొట్టుకుంటాయి. నా లారీలో ఇటుకలో, ఇసకో, ఎవరిదైనా ఇల్లు మారే సామానో వేసిన రోజునే అది కుదురుగా పోతుంది. మొదటి గేరుకి సింక్రో, అంటే గేర్ల వేగాల్ని దానంతటదే కలిపే ఏర్పాటు, లేదు. 1928లోనే కాడిలాక్ కార్లకి సింక్రోమెష్ వచ్చినా లారీల్లోకి నిదానంగా దిగింది. దిగుగేరు వేయాలంటే క్లచ్చి తొక్కి న్యూట్రలుకి తెచ్చి, వదిలి, రేజిచ్చి, మళ్లీ తొక్కి వేయాలి. బరువున్నప్పుడు ఆ లయ దానంతటదే కుదురుతుంది. మావాడి వార్నిషు చెక్కల మీద ఇటుకలు వేస్తామా?

పొగ సంగతి దాచను. కిలోమీటరుకి లెక్కేస్తే నా బండ్లు ఇప్పటివాటికంటే ఎన్నో రెట్లు విషం వదులుతాయి. తక్కువ తిప్పుతాం కదా అనేది సమాధానం కాదు, తగ్గింపు మాత్రమే. రద్దీ వేళల్లో, బడి వదిలే వేళల్లో బయటికి తీయను. అంతకుమించి నా దగ్గర జవాబు లేదు.

వాడన్న మాట

ఇదంతా మావాడితోనే వాదించాను. వాడు ఓపిగ్గా విని ఒక మాటన్నాడు: "ఆ సొట్ట నీకు చరిత్రరా. నాకు ఎవడో చూసుకోకుండా వెనక్కి తీసి గుద్దిన గోడ. వాడి అజాగ్రత్తని నేనెందుకు మోయాలి? మొదటివాడు కొన్న రోజున ఇది మెరుస్తూనే ఉండుంటుంది, ఆ రోజు మాత్రం చరిత్ర కాదా?"

దీనికి వెంటనే జవాబు దొరకలేదు. దారిలో దొరికింది, ఎప్పటిలాగే ఆలస్యంగా. వాడి లారీ మొదటిరోజుకి కూడా తిరిగి వెళ్లలేదు. బరువులు మోసే బండికి కంపెనీవాళ్లు అంత లప్పం పెట్టరు, అన్ని పూతలు పూయరు. తలుపుల సందులు అంత సమంగా ఎప్పుడూ లేవు. వాడు చేయించింది ఏ రోజునా లేని లారీ. అయితే వాడి మొదటి ప్రశ్న ఇంకా నా దగ్గరే ఉంది. ముక్కూ ముఖం తెలియని మేస్త్రీ కొట్టిన గీత నాకు ముద్దు, ముక్కూ ముఖం తెలియని డ్రైవరు పెట్టిన సొట్ట వాడికి చేదు. గీత పనికొస్తుంది, సొట్ట పనికిరాదు అని తేల్చేద్దామంటే, నా లారీ తలుపుకీ ఒక సొట్ట ఉంది, దాన్ని నేను తీయించలేదు.

నా లారీ డ్రైవరు సీటు కూడా అలాగే. కుడిపక్క స్ప్రింగు పొడుచుకొస్తుంది. పాత యజమాని గోనెసంచి ముక్క పెట్టి దబ్బనంతో కుట్టుకున్నాడు, కుట్లు పెద్దవీ చిన్నవీ. గంట నడిపితే తొడ నొప్పి. అంటే నా కొలత ప్రకారం అది మార్చాల్సిందే. కొత్త రెక్సిను తెచ్చి రెండేళ్లయింది. చుట్ట సీటు వెనకే ఉంది. మొన్న దారిలో టైరు పంక్చరైతే దాన్ని విప్పి మోకాళ్ల కింద పరుచుకుని స్టెప్నీ వేసుకున్నాను. బురదైంది. తుడిచి, మళ్లీ చుట్టి, అక్కడే పెట్టాను.